దూది పెట్టని భుజం

జనవరి 18

వదినా,

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. మా ఇంట్లో గదులు రెండు, అమ్మ చెవులు నాలుగు. ఫోనులో నీ పేరెత్తితే చాలు, వంటింట్లో గిన్నెలు వాటంతటవే మోగుతాయి. ఉత్తరమైతే ఆ భయం లేదు. ముప్ఫయ్యేళ్లు ఎడమ భుజాన సంచి వేసుకుని ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషి కదా, ఒకరి ఉత్తరం ఇంకొకరు విప్పడమంటే పక్కవాళ్ల కంచంలో చెయ్యి పెట్టినట్టేనంటుంది. అందుకని ధైర్యంగా రాస్తున్నాను.

ముందు శుభవార్త. ఇన్నేళ్లు బస్సు నడిపాక నన్ను కొత్త డ్రైవర్లకు నేర్పే పనిలో వేశారు. మార్చి ఇరవైన డిపో హాల్లో చిన్న సభ. మా చేతికి బ్యాడ్జీలిస్తారు, తలా నాలుగు మాటలు మాట్లాడమంటారు. అక్కడికి యూనిఫాం వేసుకుని రాకూడదట. ఇదీ నా చావు. ఇన్నాళ్లు పొద్దున లేచి ఏం వేసుకోవాలా అని ఆలోచించే పని లేకుండా బతికాను. బీరువా తీస్తే నాలుగు యూనిఫాంలు, రెండు నైటీలు. మనిషినైతే ఉన్నాను గానీ మనిషి బట్టలు లేవు.

ఇక్కడ పెద్ద వీధిలో రెండు షాపులు తిరిగాను. మొదటి దాంట్లో అమ్మాయి నన్ను కింద నుంచి పైదాకా ఒకసారి చూసి, "మీ సైజు లోపల ఉంటుంది ఆంటీ" అంది. ఎక్కడో లోపల, సామాన్ల గది దగ్గర, వెలుతురు లేని మూల చూపించింది. రెండో షాపులో, నలుపు వేసుకుంటే సన్నగా కనిపిస్తారని చెప్పి నా చేతిలో నల్లటి గుడారం లాంటిది పెట్టారు. రెండు చోట్లా ఏమీ కొనకుండా వస్తే బాగుండదని చేతిరుమాళ్లు కొన్నాను. ఇప్పుడు నా దగ్గర చాలా చేతిరుమాళ్లున్నాయి.

కాబట్టి నువ్వే దిక్కు. పెళ్లయిన కొత్తలో నువ్వు కుట్టు నేర్చుకుంటూ నాకూ అమ్మకూ ఒకే బూడిదరంగు గుడ్డలో చెరొక పొడుగు జాకెట్టు కుట్టావు, గుర్తుందా? నాది ఇప్పటికీ ఒంటికి సరిగ్గా పడుతుంది. కొలత కోసం దాన్నే ఆదికి పంపుతున్నాను. ఒక గుండీ ఊడిపోతే బస్సులో దొరికిన గోధుమరంగు గుండీ కుట్టుకున్నాను, నవ్వుకో. పార్సెల్ నేను కట్టినా అమ్మ మళ్లీ విప్పి కడుతుంది. నా ముడి మీద తనకు నమ్మకం లేదు. రిటైరైనా పోస్టాఫీసుకు తను వెళ్తేనే తృప్తి.

అమ్మ సంగతంటావా, సభకు రానంటోంది. ముందు వరుసలో ఇంటివాళ్లకు కుర్చీలు వేస్తారు రావే అంటే, "నాకేముంది వేసుకోడానికి" అని గోడవైపు తిరిగింది. నీ షాపు ప్రారంభం రోజు, నలుగురి ముందు నువ్వు ఆవిడ జాకెట్టులో ఎడమ భుజం కింద దూది పెట్టబోయావు చూడు, అప్పటి నుంచి కొత్త బట్టంటేనే మొహం చిట్లిస్తుంది. నువ్వు మంచికే చేశావని నాకు తెలుసు. ఆవిడకూ తెలుసేమో. తెలిసినంత మాత్రాన కోపం పోతే ఇంకేం?

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆ అధికారంతో అడుగుతున్నాను, కాదనకు.

నీ మరదలు
(బస్సు ఆగినప్పుడల్లా రెండు వాక్యాల చొప్పున రాసినది)


జనవరి 29

ఊరంతటినీ కూర్చోబెట్టి తిప్పే మా మరదలికి,

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్య షాపులోనే చప్పట్లు కొట్టాడు. గౌను వేసుకుని చూసుకుంటున్న ఒకావిడ తనకే అనుకుని సిగ్గుపడింది. ఆ గౌను కొనేసింది కూడా. కాబట్టి నీ ప్రమోషన్ వల్ల మాకూ లాభమే.

పార్సెల్ అందింది. జాకెట్టు తీసి బల్ల మీద పరిచి, దాన్నే చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. గిరాకీ వచ్చి గంట కొట్టేదాకా లేవలేదు. నువ్వు ఉత్తరంలో ఆ మాట రాయలేదు, నేనూ రాయను. కొన్ని సంగతులు పేరు పెట్టి పిలిస్తే బెదిరిపోతాయి. ఒక్కటి మాత్రం చెప్తాను. ఇంత తెలివి నీకెక్కడిదే? నీకు రుణపడి ఉన్నాను. నిజంగా చెప్తున్నాను, ఎగతాళి కాదు.

ఆ షాపుల్లో మాటలకు మనసు కష్టపెట్టుకోకు. సన్నగా కనిపించాలని వచ్చేవాళ్లు మా దగ్గరికీ రోజూ వస్తారు. అద్దం ముందు నిలబడి ఊపిరి బిగబడతారు. ఊపిరి బిగబట్టి కొన్న బట్ట ఊపిరి వదిలాక ఇంకెవరిదో అవుతుంది. అందుకని మా అద్దానికి తెర కట్టించాను. ముందు స్టూలు మీద కూర్చోమంటాను, చెయ్యెత్తమంటాను, కింద పడ్డ గుండీ తియ్యమంటాను. ఎక్కడా పట్టెయ్యలేదు అంటేనే తెర లాగుతాను. అప్పుడు ఆ మొహం చూడాలి నువ్వు. మొన్న ఒక బ్యాంకు ఉద్యోగి తెర లాగగానే వెనక్కి తిరిగి, ఎవరో వచ్చారనుకున్నాను అంది.

ఒంట్లో ఏది ఎక్కువుందో ఏది తక్కువుందో వెతకడం నా పని కాదు. చూపు ఎక్కడ ఆగితే ఆ మనిషి ఆ మనిషిలా ఉంటుందో అక్కడ కుట్టు వెయ్యడమే. ఈ మాట నాకు నేర్పిన వాళ్లు వేరే ఉన్నారులే. కుట్టాక చెప్తాను.

నీ వదిన
(నోట్లో గుండుసూదులున్నాయి, అందుకే తక్కువ మాట్లాడాను)


ఫిబ్రవరి 4

వదినా,

పాత జాకెట్టు ఒకటి పంపినందుకు ఇంత కృతజ్ఞతా? నిజం చెప్పు, షాపు సరిగ్గా నడవడం లేదా? నా ఒక్క డ్రెస్సు పని దొరికితేనే కళ్లనీళ్లు పెట్టుకున్నావేమోనని నాకు బెంగ పట్టుకుంది. అన్నయ్యను అడిగితే ఎలాగూ చెప్పడు. చిన్నప్పుడు జ్వరమొస్తే కూడా దాచినవాడు. పని తక్కువుంటే మొహమాటపడకుండా రాయి. ఇక్కడ మా డిపోలో ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. అందరూ నా ఆకారమే. సీటులో కూర్చుని కూర్చుని నడుము కింద మేమంతా సీటు ఆకారంలోకి వచ్చేశాం.

దాని సంగతి కాస్త చూడు. పైన చూస్తే బడిపిల్లలా ఉంటాను, కింద చూస్తే బడి ఆయమ్మలా ఉంటాను. రంగు మాత్రం లేత నీలం వెయ్యి. ఎప్పటి నుంచో కోరిక.

నేర్పే పని మొదలుపెట్టాను. ఒక కొత్త డ్రైవరు బ్రేకు తొక్కాల్సిన ప్రతిచోటా కళ్లు మూసుకుంటున్నాడు. ఇన్నాళ్లూ ప్రయాణికులు దేవుణ్ణి తలుచుకుంటారని విన్నాను, ఇప్పుడు నా వంతు.

అమ్మకు నీ ఉత్తరం అందిందని చెప్పాను. "పార్సెల్ చేరిందా" అని మాత్రం అడిగింది. చేరిందన్నాను. "చెక్కుచెదరకుండానా?" అంది. తన ముడి గురించి తన గర్వం.

నీ మరదలు


ఫిబ్రవరి 16

మరదలా,

షాపు లక్షణంగా నడుస్తోంది. కాళ్లనొప్పి తప్ప మాకు కొదవేమీ లేదు. నీకు అలాంటి అనుమానం వచ్చేలా రాసినందుకు మీ అన్నయ్య నన్ను తిట్టి, ఇంత ప్రేమగల చెల్లెలుందని గిరాకీలందరికీ చెప్పుకుని తిరుగుతున్నాడు.

ఈ ఉత్తరంతో డ్రెస్సు పంపుతున్నాను. లేత నీలం నువ్వు మాటవరసకు రాశావని నాకు తెలుసు. ముదురు నేరేడు రంగు తీసుకున్నాను. నెరిసిన జుట్టు పక్కన ఈ రంగు వెలుగుతుంది. వీపు దగ్గర కాస్త వదులుంచాను, ముందుకు వంగినా పైకి పీక్కుపోదు. ముందువైపు అంచు కొంచెం కురచగా కనిపిస్తుంది చేతిలో పట్టుకుంటే. ఒంటి మీద పడ్డాక చుట్టూ సమానంగా వస్తుంది. ఎడమ భుజం దగ్గర కాలరు చూసి కంగారు పడొద్దు. అది కావాలనే అలా కోశాను. మూడుసార్లు కాగితం మీద కోసి చూసుకున్నాకే గుడ్డ మీద కత్తెర పెట్టాను.

నేను చెప్పాల్సిందంతా ఆ గుడ్డలోనే చెప్పాను. నచ్చితే నచ్చిందని, లేకపోతే లేదని దాచకుండా రాయి. నాకు నిద్ర పట్టేది నీ జవాబు వచ్చాకే.

నీ వదిన


ఫిబ్రవరి 24

వదినా,

బాగున్నావా అని అడగను.

దాచకుండా రాయమన్నావు, రాస్తున్నాను. డ్రెస్సు తొడుక్కుందామంటే నడుము దగ్గరే ఆగిపోయింది. ఎలాగో బలవంతాన లాగాక చూస్తే, ఎడమ భుజం జారిపోతోంది, వీపు మీద గూడు పెట్టినట్టు గుడ్డ లేచింది, అంచు ముందు పైకి వెనక కిందకి. నాకు గూని ఉందా వదినా? నా భుజాలు వంకరా? అద్దం ముందు పక్కకి తిరిగి, అటు తిరిగి, ఇటు తిరిగి, ఒక పూటంతా నా వీపు నేనే వెతుక్కున్నాను. మర్నాడు డిపోలో మెకానిక్‌ను పిలిచి, నా భుజాలు సమానంగా ఉన్నాయా చూసి చెప్పమన్నాను. మట్టం చూసే స్పిరిట్ లెవెల్ తెచ్చి పెడతానన్నాడు.

ఇక నెరిసిన జుట్టు సంగతి. నాలుగే నాలుగు వెంట్రుకలు. అవి కూడా నువ్వు గుర్తుంచుకుని వాటికి రంగు వెతికావన్నమాట.

కోపం కాదు, బాధ. ఆ షాపులో అమ్మాయి సైజు లోపల ఉందంటే నాకు అంత అనిపించలేదు. తనకు నేనెవరు? నువ్వు నన్ను ఇరవై ఏళ్లుగా చూస్తున్నావు. నీ కళ్లకు నేనిలా కనిపిస్తున్నానా? సభకు యూనిఫాంలోనే వెళ్తానని మా పైఅధికారికి చెప్పేశాను.

డ్రెస్సు కుట్టు మాత్రం చాలా బాగుంది. ఎవరి కోసం కుట్టావో గానీ వాళ్లు అదృష్టవంతులు.

మరదలు


మార్చి 1

నా తల్లీ,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. నీ వీపు నిటారుగా ఉంది, నీ భుజాలకు ఏ స్పిరిట్ లెవెలూ అక్కర్లేదు. ఆ డ్రెస్సు నీకు కుట్టలేదు. అత్తయ్యగారికి కుట్టాను.

నువ్వు పంపిన జాకెట్టు అత్తయ్యగారిది. మడత విప్పి బల్ల మీద పెట్టగానే ఎడమవైపుకు వాలింది. ఎడమ భుజం కుట్టు మీద గుడ్డ సంచి పట్టీ ఒరుసుకుని నునుపెక్కి ఉంది. ఆ భుజం నేను మర్చిపోతానా? గోధుమరంగు గుండీ లేదని కూడా చూశాను. ఉత్తరం ఎవరి కంట పడినా అనుమానం రాకూడదని నీ పేరు అడ్డం పెట్టి రాశావనుకున్నాను. ముందు వరుసలో కుర్చీ, వేసుకోడానికేముంది అని ఆవిడ అనడం, అవన్నీ నాకు సైగలే అనుకున్నాను. ఆరేళ్ల తర్వాత ఆవిడ ఒంటి కొలత నా చేతికి వచ్చిందంటే, ఆవిడకు తెలిసే వచ్చిందేమోనని ఆశపడ్డాను కూడా. ఆశకేం, అడ్డూ అదుపూ ఉండదు కదా.

షాపు ప్రారంభం రోజు ఆవిడ అన్న మాట నువ్వు వినలేదు, నువ్వు బయట కుర్చీలు సర్దుతున్నావు. భుజం ఒకటి కిందికి ఉంది అత్తయ్యగారూ, కాస్త దూది పెడితే తెలియకుండా పోతుంది అన్నాను. ఆవిడ నా చెయ్యి పక్కకు నెట్టి, "ఈ భుజం మీద ఊరి మంచీచెడూ మోశాను. తెలియకుండా పోవడమెందుకు?" అన్నారు. అంతే, చెప్పులేసుకుని వెళ్లిపోయారు. ఆ రోజు నాకు ఉక్రోషం వచ్చింది, అబద్ధమెందుకు? తర్వాత ఒక్కో గిరాకీ ఒంటి మీద టేపు వేస్తున్నప్పుడల్లా ఆ మాట వినపడేది. కానుపుల పొట్ట, నిలబడి నిలబడి లావెక్కిన మడమలు, బిడ్డనెత్తుకుని ఒక పక్కకు ఒరిగిన నడుము. తెలియకుండా పోవడమెందుకు? దాచడం మానేసిన రోజు నుంచే నా దగ్గరికి మనుషులు రావడం మొదలుపెట్టారు. నాకు నేర్పిన వాళ్లు వేరే ఉన్నారన్నానే, వాళ్లు ఆవిడే. థాంక్స్ చెప్పడానికి ఇన్నేళ్లలో నాకు గుమ్మం దొరకలేదు.

అందుకే ఆ డ్రెస్సులో దూది పెట్టలేదు. భుజం ఎటు వాలితే కాలరును అటే వాలనిచ్చాను. కుడివైపు నుంచి జారి ఎడమ భుజం మీదికి వచ్చి ఆగుతుంది. చూసేవాళ్ల కళ్లు అక్కడే ఆగాలి. నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి కాలరు నేను కొయ్యలేదు.

సరే, పొరపాటు జరిగింది. హుక్కుకు పక్కపక్కన తగిలించిన రెండు జాకెట్టుల్లో ఒకటి నీ చేతికొచ్చింది, అంతేగా. నీ తప్పేం లేదు, అంత కష్టపెట్టినందుకు నన్నే తిట్టుకో. ఒక్క సాయం చెయ్యి. ఆ డ్రెస్సు ఆవిడ కంట పడకుండా తిరిగి పంపించెయ్యి. అడక్కుండా కుట్టి పంపానని తెలిస్తే, మళ్లీ నా భుజం జోలికొచ్చిందా అంటారు. ఉన్న కాస్త పలకరింపు కూడా పోతుంది. విప్పేసి ఇంకేదైనా చేస్తాను. నీ అసలు జాకెట్టు కూడా అందులో పెట్టు, నీది చకచకా కుడతాను.

నీ మీద మాత్రం నాకు కోపం లేదు. పొరపాటున అయినా ఇన్ని రోజులు ఆవిడకు కుట్టుకునే భాగ్యం కలిగింది. అది నీ వల్లే.

వదిన


మార్చి 7

వదినా,

నా నోరు పడిపోను. నిన్ను అన్నేసి మాటలు అన్నాను. నీ ఉత్తరం స్టాపులో బస్సు ఆపి చదివి, తలుపులు తియ్యకుండా కూర్చుండిపోయాను. జనం బయటి నుంచి అద్దాలు బాదారు.

రెండు జాకెట్టులూ ఒకే హుక్కుకు ఉన్న మాట నిజమే. కానీ నేను గోధుమరంగు గుండీ చూసే తీశానని ఇప్పటికీ అనిపిస్తోంది. ఏమో, డ్యూటీకి ఆలస్యమవుతున్న పొద్దున్న ఏం చూశానో నాకే నమ్మకం లేదు.

డ్రెస్సు అమ్మ కంట పడకూడదన్నావు. ఆ పని ఎప్పుడో అయిపోయింది. వచ్చిన రోజే తలుపుకు తగిలించి డ్యూటీకి పోయాను. తిరిగొచ్చేసరికి మడతపెట్టి మంచం మీద ఉంది. దుమ్ము పడుతుందని తీశానంది. నీకు సరిపోదులే అని కూడా అంది. నాకు సరిపోదని చూడగానే ఆవిడకెలా తెలిసిందని నేను ఉక్రోషపడ్డాను గానీ ఇంకే ఆలోచనా రాలేదు.

ఇప్పుడు నా బతుకు కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆవిడకు కుట్టిన డ్రెస్సని చెప్పనా, నువ్వు వద్దన్నావు. దాచుకోనా, నువ్వు పంపమన్నావు. నువ్వు చెప్పినట్టే చేశాను. ఆ నేరేడు డ్రెస్సును కాగితంలో చుట్టి, దాని కింద నా జాకెట్టు పెట్టి, పార్సెల్ కట్టాను. ఈసారి గుండీ రెండుసార్లు చూసుకున్నాను. నీ పేరు రాస్తుంటే అమ్మ వచ్చి నా ముడి చూసి, ఇది రెండో ఊరు దాటదు అని లాక్కుని విప్పి మళ్లీ కట్టింది. పోస్టాఫీసుకూ తనే వెళ్లింది.

డ్రెస్సును దాని ఇంటికి పంపినట్టు లేదు వదినా. ఎందుకో తప్పు చేసినట్టుంది. విప్పకు. కొన్నాళ్లు అలాగే ఉంచు. సభకు యూనిఫాంలో వెళ్తే నాకేం తక్కువ కాదు.

నీ మరదలు


మార్చి 13

మరదలా,

కూర్చుని చదువు. బస్సులో అయితే పక్కకు ఆపి చదువు.

పార్సెల్ వచ్చింది. విప్పకముందే చెయ్యి ఆగింది, తేలిగ్గా ఉంది. విప్పితే కాగితంలో నీ బూడిదరంగు జాకెట్టు ఒక్కటే ఉంది, గోధుమరంగు గుండీతో సహా. నేరేడు డ్రెస్సు లేదు. కాగితం రెండుసార్లు దులిపాను. మీ అన్నయ్య సంచీలో కూడా వెతికాడు.

అప్పుడు జనవరిలో వచ్చిన పార్సెల్ తాడు తీశాను. నా దగ్గర ఏ తాడూ పారెయ్యను, నీకు తెలుసుగా. రెండింటికీ ఒకటే ముడి. అత్తయ్యగారి ముడి. నువ్వు రెండుసార్లూ సరిగ్గానే కట్టావమ్మా. నువ్వు గోధుమరంగు గుండీ చూసే తీశావు. నీ కళ్లను అనుమానించకు. నీ ముడి విప్పినావిడ నీ జాకెట్టు తీసి తన జాకెట్టు పెట్టారు. మళ్లీ నీ ముడి విప్పినావిడ తన డ్రెస్సు తీసేసుకుని నీ జాకెట్టు మాత్రం పంపారు. పోస్టు ముద్ర పడకముందు అది ఉత్తరం కాదు, ఉట్టి సామానే కదా ఆవిడ లెక్కలో.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈవిడ నోరు తెరవకుండా అడిగారు, అడిగింది నాకు అర్థమైంది, నాకు అర్థమైందని ఆవిడకు తెలుసు. తెలియనిదల్లా మధ్యలో నీకొక్కదానికే. బల్ల కింద కూర్చుని ఏడ్చాను. బల్ల పైన గిరాకీలున్నారు మరి.

ఆవిణ్ణి ఏమీ అడక్కు. ఒట్టు. నాకు చెప్పింది చాలు.

రెండు పొద్దులు షాపు మూసి నీది కుట్టాను, మీ రెండు జాకెట్టులతో పాటు దీంతోనే పంపుతున్నాను. లేత నీలమే. నడుము కుట్టు కాస్త పైకి జరిపాను. అక్కడి నుంచి గుడ్డ అడ్డం లేకుండా కిందికి జారుతుంది. ముందు వేసుకుని కూర్చో, స్టీరింగ్ తిప్పినట్టు చేతులు తిప్పు. ఎక్కడా పట్టకపోతే అప్పుడు అద్దం చూడు. ఇంకో మాట, సీటు ఆకారం అంటూ నీ ఒంటిని నువ్వే ఎగతాళి చేసుకోకు. ఆ సీటులో కూర్చునే కదా ఇంతమందిని ఇళ్లకు చేర్చావు.

నీ వదిన


మార్చి 21

వదినా,

నీలం డ్రెస్సు గురించి ముందు రాద్దామనుకున్నాను గానీ చెయ్యి ఒప్పుకోవడం లేదు. నాది తర్వాత రాస్తాను. ఒక్క మాట మాత్రం. చేతులు తిప్పాను, ఎక్కడా పట్టలేదు. అద్దం చూశాను. చాలాసేపు చూశాను.

నువ్వు అడగొద్దన్నావని నేను అడగలేదు. కానీ మొన్న అన్నం తింటూ, పార్సెల్‌లో ఏదో మారిందట అని ఊరికే అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అమ్మ ఎడమ చెయ్యి ఎత్తి భుజం సర్దుకుని, "పోస్టాఫీసులో ఈ మధ్య శ్రద్ధ తగ్గింది" అంది. ముప్ఫయ్యేళ్లు కొలువు చేసిన ఆఫీసు మీద నింద వేసి అన్నం తిని లేచింది.

నిన్న పొద్దున నేను నీలం డ్రెస్సులో తయారై అమ్మను పిలుద్దామని వెళ్తే, తన గది తలుపు తీసుకుని వచ్చింది. నేరేడు రంగు డ్రెస్సు. రిటైరయ్యాక కూడా, ఖాళీగా అయినా సరే, బయటికి వెళ్తే భుజాన వేసుకునే ఆ సంచి లేదు. కాలరు కుడివైపు నుంచి జారి ఎడమ భుజం మీద ఆగింది, నువ్వు రాసినట్టే. ఆ భుజం వంగలేదు, దాగలేదు. నాకు చిన్నప్పుడు, వాన రోజున ఆ సంచి వేసుకుని గేటు తీసుకుని వచ్చే అమ్మ కనిపించింది. "బస్సుకు టైమైంది, చూస్తావేం" అంది.

ముందు వరుసలో కూర్చుంది. నేను మాట్లాడాల్సిన నాలుగు మాటల్లో రెండు మర్చిపోయాను. మిగతా రెండూ అమ్మ గురించే. నాకు దారులు మొదట తెలిసింది ఆవిడ ఉత్తరాల సంచి వెనకే నడిచి అని చెప్పాను. హాలు చప్పట్లు కొట్టింది. అమ్మ కొట్టలేదు. ఆవిడకు కళ్లు తుడుచుకోడానికి నా చేతిరుమాళ్లలో ఒకటి పనికొచ్చింది.

టీ తాగుతుంటే మా పైఅధికారి భార్య అమ్మ దగ్గరికి వచ్చి, ఈ కాలరు ఎంత బాగుందండీ, ఏ షాపులో కొన్నారు అని అడిగింది. నేను పక్కనే ఉన్నాను. అమ్మ కప్పు కింద పెట్టింది.

"కొన్నది కాదు, మా కోడలు కుట్టింది. నా భుజం ఒకటి కిందికి ఉంటుంది. అది చూసి కుట్టింది."

నీ షాపు ఎక్కడుందో కూడా చెప్పింది. ఆరేళ్లుగా అడుగు పెట్టని షాపుకు దారి, ఏ మలుపు తర్వాత ఏ మలుపో, పోస్టు పంచేదానిలా తడబడకుండా చెప్పింది. బోర్డు మీద బొటిక్ అని ఉంటుంది, అది కొట్టే, కంగారు పడకండి అంది.

ఇంటికి వచ్చాక డ్రెస్సు మార్చుకుంటూ లోపలి నుంచి పిలిచింది. చేతులు కాస్త పొడుగయ్యాయట, మణికట్టు దాటుతున్నాయట. నాకైతే ఏమీ కనపడలేదు వదినా, ప్రమాణం చేసి చెప్తున్నాను, ఒక్క నూలుపోగు కూడా పొడుగు లేవు. అయినా సరే, వదినకు రాస్తాను, డ్రెస్సు పార్సెల్ చేసి పంపుదాం, మళ్లీ ఆదికి నీ జాకెట్టు కూడా పెడతాను అన్నాను.

"ఆదెందుకు, నేనే వెళ్తాను" అంది.

ఆదివారం మొదటి బస్సుకు ఎక్కిస్తున్నాను. అద్దానికి తెర వేసి ఉంచు.

నీ మరదలు